గ్రావెల్ తోలని సైకిల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. చదువు పూర్తయి, మొదటి ఉద్యోగం చేతికొచ్చి, మొదటి చీవాట్లు ఇంకా పడకముందు మనిషికి ఓ నాలుగు రోజులు అలాగే ఉంటుంది కాబోలు. అద్దంలో చూసుకుంటే నాకు ఒక శాస్త్రవేత్త కనిపించేవాడు. (అదే అద్దంలోకి తొంగిచూసిన మా అక్కకి మాత్రం తలకి నూనె రాసుకోని కుర్రాడు కనిపించేవాడట.) మాది విజయనగరం. మా నాన్న ఇంట్లో వయొలిన్ పాఠాలు చెప్పేవారు. వీధిలో పిల్లలందరికీ ఆయన దగ్గర సరళీ స్వరాలు పట్టుబడ్డాయి గానీ కన్నకొడుకునైన నాకే పట్టుబడలేదు. నేను కమాను పట్టుకుంటే వీధి కుక్కలు కూడా శ్రుతి కలపలేక వెళ్ళిపోయేవి. "వీడికి జంతువుల గురించి చదివించండి, కనీసం అవెందుకు పారిపోతున్నాయో తెలుస్తుంది" అని మా అమ్మ అన్నదట. అలా నేను జంతుశాస్త్రం చదివాను. చదివాక కళింగపట్నం పక్కన సముద్రపొడ్డున తాబేళ్ళ గుడ్లను కాపాడే చిన్న కేంద్రంలో సహాయకుడిగా చేరాను.

ఆ పనేమిటో కొంచెం చెప్పాలి. చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో సముద్రపు తాబేళ్ళు ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, గుడ్లు పెట్టి, మళ్ళీ వెనక్కి చూడకుండా నీళ్ళలోకి పోతాయి. ఆ గుడ్లను కుక్కలూ నక్కలూ తవ్వుకు తినకుండా మావాళ్ళు జాగ్రత్తగా ఏరి తెచ్చి, చుట్టూ వెదురు దడి కట్టి పైన వల కప్పిన చోట మళ్ళీ గోతుల్లో పాతిపెట్టేవారు. ఎండలు ముదిరే వేళకి పిల్లలు ఇసుక తోసుకుని పైకొస్తాయి. తెల్లవారుతూండగా వాటిని ఒడ్డున వదిలితే తమంతట తామే సముద్రంలోకి నడిచిపోతాయి. ఎన్ని పోయాయో లెక్కపెట్టి చెప్పడం నా ఉద్యోగం. మా నానమ్మకి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "లెక్కెట్టడానికి జీతమిస్తారా? మరి మోసినోడికెంతిస్తారు?" అని అడిగింది.

నా మకాం గార దగ్గర మా అక్కావాళ్ళ ఊళ్ళో. మా బావ వరీ మినుమూ పండించే రైతు. మంచి మనిషి. ఆయన నోరు మాత్రం తెల్లారి కోడి కంటే ముందు లేచి, రాత్రి దీపం ఆర్పాక కూడా కాసేపు పనిచేసేది. ఏ వస్తువు కొనాలన్నా ఊళ్ళో వాళ్ళు బావను వెంటబెట్టుకు వెళ్ళేవారు. ఆయనకు వస్తువులు తెలుసని కాదు. ఆయన అరగంట మాట్లాడితే షాపువాడే విసిగిపోయి ధర తగ్గిస్తాడని.

చిక్కంతా పనికి వెళ్ళడంలో వచ్చింది. ఊరి నుంచి కేంద్రానికి దారి మూడు రకాలు. ముందు తారురోడ్డు. తర్వాత వంశధార గట్టు మీద ఎర్రమట్టీ గులకరాళ్ళూ కలిసిన బాట. ఆఖర్న సరుగుడు తోటల మధ్య ఇసుక. ఆటో తారురోడ్డు దాకానే వచ్చేది. అది కూడా నిండితేగానీ కదిలేది కాదు, నిండేది తెల్లారాకే. నేను దిగి, గట్టెక్కి, ఇసుకలో ఈదుకుంటూ వెళ్ళేసరికి బారెడు పొద్దెక్కి, తాబేలు పిల్లలన్నీ సముద్రంలో ఉండేవి. రెండో వారంలో మా మేడం నన్ను పిలిచారు. ఆవిడ కేంద్రానికి పెద్ద, శ్రీకాకుళం నుంచి రోజూ జీపులో వచ్చేవారు. కోపమొస్తే గొంతు తగ్గించి మాట్లాడటం ఆవిడ అలవాటు. ఆ రోజు ఆవిడ మాట వినడానికి నేను దాదాపు వంగాల్సి వచ్చింది.

"పిల్లలు నువ్వొచ్చేదాకా ఆగాలా బాబూ? పొద్దెక్కితే ఇసుక కాలుతుంది, కాకులు దిగుతాయి. చూడకుండా లెక్క రాసే మనిషి నాకెందుకు? ఈ నెలాఖరు దాకా చూస్తాను. తెల్లారేసరికి ఇక్కడ ఉండలేనంటే చెప్పెయ్, ఇంకొకర్ని చూసుకుంటాను."

మోటారు బండి కొనుక్కోవచ్చు కదా అని మీరనొచ్చు. ఆ తోటల వైపు ఇంజను మోత రానివ్వకూడదని మేడం నియమం. ఆవిడ జీపు కూడా గట్టు దగ్గరే ఆగిపోయేది. అదొక కారణం. రెండోది చరిత్రకు సంబంధించింది. మా మావయ్య స్కూటర్ మీద నడపడం నేర్చుకునే రోజుల్లో నేను గట్టు మీదే నిలబడిపోయి, స్కూటర్ని ఒక్కదాన్నే కాలవలోకి పంపించాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నా ఎదుట బండి తాళాలు పెట్టేవారు కాదు.

"సైకిలుందిగా" అన్నాడు బావ. ఆయన సైకిలంటే ఎరువు బస్తాలు మోయడానికి పుట్టిన నల్లటి ఇనుప వస్తువు. మర్నాడు దాని మీద బయల్దేరాను. తారు మీద బుద్ధిగానే నడిచింది. గట్టు మీదికి వచ్చేసరికి నా పళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకోసాగాయి. సరుగుడు తోటలో ఇసుక తగలగానే ముందు చక్రం సగం దాకా కూరుకుపోయి, ఇక కదలనని కూర్చుంది. అక్కడి నుంచి సైకిల్ నన్ను మోయలేదు, నేను దాన్ని మోశాను. మేడం ముందు నిలబడ్డప్పుడు నా భుజమ్మీద ఇంకా ఆ గుర్తుంది.

అప్పుడే ఒక సాయంత్రం ఫోనులో గ్రావెల్ బైక్ అన్న మాట మొదటిసారి చూశాను. ఎక్కడో చలిదేశంలో ఒకాయన తారురోడ్డు మీద పోతూ పోతూ, రోడ్డు అయిపోయిన చోట ఆగకుండా రాళ్ళబాటలోకి దిగి, అదే ఊపులో అడవిలోకి వెళ్ళిపోయాడు. నాకు నోరు తెరుచుకుపోయింది. మన దారి లాంటి దారికోసమే ఒక సైకిల్ కనిపెట్టారంటే, ఎక్కడో ఎవరో మన గార మండలం పటం ముందు పెట్టుకుని ఆలోచించినట్టే అనిపించింది. ఇక చూడండి, అన్నం తింటూ అవే వీడియోలు, పడుకుని అవే. ఫ్రేము దేంతో చెయ్యాలి, టైరు ఎంత వెడల్పుండాలి, గేర్లెన్నుండాలి, అన్నీ కంఠతా పట్టేశాను. సైకిల్‌ని కంటితో చూడకుండానే దాని మీద ఉపన్యాసమిచ్చే స్థితికి చేరుకున్నాను. ఆ ఉపన్యాసం మొదట వినాల్సి వచ్చింది బావకి.

"ఏటి సైకిలన్నావు?"

"గ్రావెల్ సైకిల్ బావా."

బావ తింటున్న ముద్ద ఆపాడు. మా వైపు గ్రావెలంటే రోడ్లకీ ఇళ్ళ పునాదులకీ తోలించే ఎర్రమట్టి. "గ్రావెల్ తోలడానికి ట్రాక్టరున్నాది గదరా. సైకిలు మీదెన్ని గంపలు తోల్తావు? నీ జీతం సాలక మట్టి వ్యాపారం కూడా ఎడతన్నావేటి?"

"తోలడానికి కాదు బావా, గ్రావెల్ మీద నడపడానికి."

"గ్రావెల్ మీద నడవని సైకిలేదిరా? మన ఊళ్ళో అందరం దేనిమీద నడుపుతన్నాం, పరుపు మీదా?"

అక్క పెరుగు వడ్డిస్తూ తీర్పు చెప్పింది. "ఆడి ఉద్యోగం పోనాదంటే మూడు పూటలా మనింట్లోనే ఉంటాడు. ఏదో ఒకటి కొనిపించీ." ఆ ఒక్క మాటతో బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం విశాఖ బస్సెక్కాం. భోగాపురం దగ్గర విమానాశ్రయం కోసం చదును చేసిన ఎర్రటి నేల కనిపించగానే బావ కిటికీలోంచి చెయ్యి చాపి, బస్సంతా వినేలా, "అదీ గ్రావెలంటే! సూడు, సూసి నేర్సుకో" అన్నాడు. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు, నేనేదో కాంట్రాక్టరు కొడుకునని అనుకున్నట్టు. నేను కూడా కాదనలేదు.

విశాఖలో సైకిళ్ళ షాపాయన సన్నగా, పొడుగ్గా, తొందరలేని మనిషి. "ఎక్కడ తొక్కుతారు?" అని అడిగాడు. నేను నా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఫ్రేము కోణాల గురించి, బరువు గురించి, ఎక్కడో ఎవరో గెలిచిన పందేల గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "బాగుంది. మరి ఎక్కడ తొక్కుతారు?" అని మళ్ళీ అడిగాడు. నాకంటే ముందు బావ అందుకున్నాడు. "కొంత తారు, కొంత గట్టు, కొంత ఇసక. మోసేది ఈణ్ణే, ఎక్కువ బరువేం కాదు." నేను ఎంతలో కావాలో చెప్పాను. షాపాయన మొహంలో ఒక చిన్న జాలి మెరిసి మాయమైంది. మూడు సైకిళ్ళు బయటికి తీయించాడు. ఎదురుగా ఎవరో మేడ కడుతూ స్థలమంతా ఇసుక పరిచి ఉంచారు. "మాటలెందుకు, వెళ్ళి తొక్కి చూడండి" అన్నాడు.

మొదటిది పందెం సైకిల్. ఎవరో వాడి అమ్మింది. దాన్ని చూడగానే నేను చదువుకున్నదంతా మర్చిపోయాను. నల్లగా నిగనిగలాడుతూ, బొటనవేలంత సన్నటి టైర్లతో, గాలికి పుట్టినట్టుంది. దాని మీద కూర్చుంటే నేను కూడా అలాగే కనిపిస్తానని నమ్మాను. ఇసుకలోకి దింపాను. ముందు చక్రం సూదిలా దిగబడింది, సైకిల్ అక్కడే ఆగింది, నేను ఆగలేదు. మట్టి గంపలు మోస్తున్న ఆడవాళ్ళు గంపలు దించి మరీ నవ్వారు. ఇసుక మెత్తగానే ఉంది, దెబ్బేమీ తగల్లేదు. పందెం సైకిల్ మీద మోజు మాత్రం అక్కడే కప్పెట్టి వచ్చాను.

రెండోది కొండల సైకిల్. లావుపాటి టైర్లు, ముందు రెండు స్ప్రింగులు. బావ కంటికి ఇది ఆనింది. "ఇదీ ఎద్దంటే! ఇది తీసుకో, మడి దున్నుకోవచ్చు" అన్నాడు. నిజంగానే ఇసుకలో గేదెలా నింపాదిగా వెళ్ళింది. కానీ రోడ్డెక్కించి వీధి చివర మెట్ట ఎక్కుదామని తొక్కితే, నా బలమంతా ఆ స్ప్రింగులే తినేశాయి. నేను కిందికీ పైకీ ఊగాను గానీ ముందుకి పెద్దగా పోలేదు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, రోజూ తెల్లవారుజామున ఇంత తొక్కితే తాబేళ్ళే నన్ను లెక్కపెట్టాల్సి వస్తుందని చెప్పాను.

మూడోదే నేను అడిగిన గ్రావెల్ సైకిల్, అంతవరకూ లోపల గోడకి వేలాడినది. రంగు వంకాయ రంగు. అచ్చంగా మన గుత్తివంకాయ కూరలోకి ఏరుకునే వంకాయ. కిందటేడు వచ్చిన సరుకు, ఆ రంగు చూసి ఎవరూ ముట్టుకోలేదట, అందుకే ధర తగ్గించాడు. హ్యాండిల్ మాత్రం పందెం సైకిల్‌ది లాగే కిందికి వంగి పొట్టేలు కొమ్ముల్లా ఉంది. టైర్లు మొదటిదాని కంటే లావు, రెండోదాని కంటే సన్నం. "స్టీలు ఫ్రేము, కాస్త బరువే గానీ చెక్కుచెదరదు" అన్నాడు షాపాయన. "నూనె బ్రేకులు కావాలంటే మీరు చెప్పిన ధర దాటిపోతుంది. ఇవి తీగ బ్రేకులు, మీ ఊళ్ళో ఎవరైనా బిగిస్తారు. ఇంకా లావు టైర్లు కావాలన్నా పడతాయి, చోటుంది. మీ దారికి అదే ముఖ్యం."

బావ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. సంతలో ఎద్దుని చూసినట్టే చూశాడు. గొలుసు చక్రం పళ్ళ మీద వేలు పెట్టి, "పళ్ళు బాగున్నాయి, వయసులో ఉన్నాది" అన్నాడు. వెనక్కి వెళ్ళి సీటు మీద రెండు చరుపులు చరిచాడు. ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకుని, "కొమ్ములు తిరిగున్నాయి, పొడుస్తాదేటండీ?" అని అడిగాడు. షాపాయన హ్యాండిల్ వైపొకసారి, నా వైపొకసారి చూశాడు.

నేను ఎక్కాను. ఆ తర్వాతది ఎలా చెప్పాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇసుకలోకి దిగింది, కొంచెం అటూ ఇటూ తూలింది, నేను బిగపట్టిన చేతులు వదులు చేయగానే దారి తానే వెతుక్కున్నట్టు అవతలికి చేరింది. అక్కడ కంకర గుట్ట పక్కనుంచి గడగడలాడుతూ వెళ్ళి రోడ్డు మీదికి ఎక్కింది. ఎక్కగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. అంతసేపూ బండలా పనిచేసిన అదే వస్తువు తారు తగిలేసరికి పిట్టయిపోయింది. వీధి చివర మెట్టని ఎక్కేశానని దిగుతున్నప్పుడుగానీ తెలియలేదు. నా ఒంట్లో నాకు తెలియని బలం ఎవరో పెట్టినట్టుంది. తిరిగొచ్చి షాపు ముందు ఆగినా హ్యాండిల్ వదల్లేదు. బావ నా మొహం చూసి, ఇంకే బేరం ఆడకుండా, "కట్టీయండి, ఆడికి పట్టీసినాది" అన్నాడు, దెయ్యం పట్టిన వాడి గురించి చెప్పినట్టు.

వస్తువు బాగుంటే సరిపోదు, దాన్ని ఊళ్ళో తిప్పే ధైర్యం కావాలి. ఆ హ్యాండిల్ వల్ల తల కిందికి వంచి తొక్కాలి. మొదటి రోజు పొలానికి వెళ్తున్న ఆడవాళ్ళు నన్ను ఆపి, "ఏటి బాబూ, నేల సూసుకుంటూ ఎల్తన్నావు, ఏటైనా పారేసుకున్నావా? సెప్పు, మేమూ ఎతుకుతాం" అన్నారు. (ఒకావిడ నిజంగానే వెతికింది.) ఇసుక దారికి టైర్లలో కొంచెం గాలి తగ్గించుకోవాలని నేను వీడియోల్లో నేర్చుకున్నాను. అరుగు మీద కూర్చుని గాలి తీస్తూంటే బావ పరుగెత్తుకొచ్చాడు. "ఒరే, నిన్ననే కొట్టించిన గాలి! నువ్వే కొట్టించి నువ్వే తీసీసుకుంటావేటిరా? ఇదేటి సదువురా!" ఆ తర్వాత ఊళ్ళో నా చదువు గురించి ఎవరడిగినా బావ ఈ సంగతే చెప్పేవాడు.

కానీ ఆ ఉదయాలు! చీకటి పలచబడే వేళకి బయల్దేరేవాణ్ణి. గట్టెక్కేసరికి వంశధార మీద మంచు తెర ఇంకా లేచేది కాదు. నది ఎక్కడుందో, ఆకాశం ఎక్కడుందో తెలిసేది కాదు. ఆ తెలుపులోంచి ఒక పడవ ముక్కు మాత్రం బయటికొచ్చి, మళ్ళీ మాయమయ్యేది. రాళ్ళబాట మీద టైర్ల చప్పుడు నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుండేది. దూరంగా ఎండుచేపల వాసన తగిలితే కళింగపట్నం దగ్గరపడిందని గుర్తు. సరుగుడు తోటలోకి దిగాక గాలి ఒక్కటే మాట్లాడేది. రోజూ అదే దారి. రోజూ నేను మొదటిసారి చూస్తున్నవాడిలా నోరు తెరిచే వెళ్ళేవాణ్ణి. (ఒకటి రెండు పురుగులు మింగాక ఆ అలవాటు మానుకున్నాను.) మేడం ఏమీ అనలేదు. ఆవిడ గొంతు మామూలు స్థాయికి వచ్చింది, అంతే. నాకది సన్మానం.

నెలాఖరు ఇంకా రాలేదు. ఒక రాత్రి గాలివాన పట్టుకుంది. వేసవిలో మా వైపు అలాగే వస్తుంది, చెప్పాపెట్టకుండా. పెంకులు ఎగిరాయి, కరెంటు పోయింది. తెల్లవారబోతూండగా వాన వెలిసింది. అప్పుడే ఫోను మోగింది. మేడం గొంతు చాలా తక్కువగా ఉంది.

"కేంద్రం నుంచి కాపలా మావ ఫోన్ చేశాడు. వల కూలిపోయిందట. కింద పెద్ద గోతుల్లోని గుడ్లన్నీ ఈ రాత్రే పగిలాయి, పిల్లలు పైకొచ్చేసి వల కింద చిక్కుకున్నాయట. ఆయనొక్కడే ఉన్నాడు. కుక్కలు చేరుతున్నాయి. నేను గార దాకా వచ్చాను గానీ జీపు ముందు చెట్టు పడి ఉంది, నడిచి వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది. నువ్వు వెళ్ళగలవా?"

వెళ్ళగలనో లేదో ఆలోచించే తెలివి అప్పుడు నాకు లేదు. సైకిల్ తీశాను. వెనక నుంచి బావ, "ఆగరా, నానూ వస్తన్నాను" అని అరుస్తూ తన నల్ల సైకిల్ కోసం పరుగెత్తడం వినిపించింది. తారురోడ్డు మీద కొమ్మలు. ఒకచోట వేపచెట్టే అడ్డంగా పడి ఉంది. సైకిల్‌ని భుజానికెత్తుకుని కొమ్మల మధ్య దూరి అవతల దిగాను. గట్టు మీద ఎర్రమట్టి జారుడుబండయింది. టైర్లు బురద మింగి రెట్టింపయ్యాయి. రెండుసార్లు పడ్డాను, లేచాను. ఒకచోట గట్టు అంచు కోసుకుపోయి కింద నది బుసలు కొడుతోంది. ఎన్ని వీడియోలు చూసినా అక్కడ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఊపిరి బిగబట్టి, పచ్చగడ్డి ఉన్న వైపుకి ఒరిగి, చిన్న గేరులో మెల్లగా, చాలా మెల్లగా తొక్కాను. దాటేశాను. ఆగితే మళ్ళీ ఎక్కలేనని తెలిసి ఆగలేదు. సరుగుడు తోటలో తడిసిన ఇసుక గట్టిపడి నాకు మేలు చేసింది.

కాపలా మావ వల కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. పెద్దవాడు, పొరుగు పల్లెలో వేట మానేసి ఈ పనిలో చేరినవాడు. ఒక చేత్తో వల ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో కర్ర తిప్పుతూ కుక్కల్ని అదిలిస్తున్నాడు. "వచ్చినావా బాబూ! ముందు ఆ మూల ఎత్తు, నా సెయ్యి పడిపోతన్నాది" అన్నాడు. వల తడిసి ఏనుగంత బరువుంది. దాని కింద ఇసుక కదులుతోంది. అరచేతిలో సగం కూడా నిండని నల్లటి పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ, జారుతూ, వల కన్నుల్లో మెడలు ఇరుక్కుని రెక్కల్లాంటి కాళ్ళు ఆడిస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ విడిపించి తొట్టెల్లో వేస్తున్నాం. కుక్కలు చుట్టూ తిరుగుతున్నాయి. తూరుపు తెల్లబడుతోంది, కాకుల అరుపు మొదలైంది. ఇద్దరం చాలమని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు తోటలోంచి కేకలు వినిపించాయి. మా బావ. సైకిల్ లేదు, గట్టు మీద ఎక్కడో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా బురద, తలకి కట్టిన తువ్వాలు చేతిలో గిరగిరా తిప్పుతూ, "ఛీ, పో! నీ అమ్మ కడుపు మాడ, పో!" అని కుక్కల మీదికి దూసుకొచ్చాడు. ఆ నోటికి తట్టుకుని నిలబడ్డ కుక్క ఆ తీరంలో లేదు. అవి వెళ్ళాక కాకుల వైపు తిరిగాడు. ఆకాశం కూడా ఖాళీ అయింది. "ఇప్పుడేటి సెయ్యాలి, సెప్పు" అన్నాడు రొప్పుతూ. ముగ్గురం కలిసి తొట్టెలు మోసుకుని, అలలకి కొంచెం ఇవతల, తడి ఇసుక మీద వాటిని దించాం.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒకటి తలెత్తింది. దాని వెనక ఇంకొకటి. ఆపైన ఒడ్డంతా కదిలింది. ఎవరూ దారి చూపలేదు, ఎవరూ తోయలేదు. ఆ చిన్న చిన్న కాళ్ళతో ఇసుక మీద గీతలు గీసుకుంటూ అన్నీ ఒకే వైపు. మొదటి అల వచ్చి కొన్నిటిని వెనక్కి విసిరేసింది. వెల్లకిలా పడ్డవి తిప్పుకుని మళ్ళీ బయల్దేరాయి. రెండో అల తీసుకుపోయింది. నీళ్ళ మీద సూర్యుడి మొదటి ఎరుపు పడింది, ఆ ఎరుపులో నల్లటి చుక్కలు తేలి, మునిగి, కనబడకుండా పోయాయి. ఒకటి మా బావ పాదం మీదికి ఎక్కింది. ఆయన కదల్లేదు. ఊపిరి కూడా తీసుకున్నాడో లేదో. అది ఆయన బొటనవేలు దిగి, అటు పడి, లేచి, వెళ్ళిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ సముద్రపు హోరు వింటూ పెరిగిన మనిషి, నలభై ఏళ్ళ వాడు, చేతులు జోడించాలో కళ్ళు తుడుచుకోవాలో తెలియక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మా బావ అంతసేపు మాట్లాడకుండా ఉండగా నేను చూడటం అదొక్కసారే. పక్కనే కాపలా మావ, రోజూ చూసేవాడు, ఆయన కూడా ఖాళీ తొట్టె చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

మేడం నడుచుకుంటూ వచ్చేసరికి ఒడ్డు మీద గీతలే మిగిలాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు బురదతో, ఆవిడ ఆ గీతల వంక చాలాసేపు చూసి, తర్వాత నా వంక తిరిగి అడిగారు. "ఎన్ని?"

ఆ ఒక్క పనికోసమే నన్ను పెట్టుకున్నారు. నేను లెక్కపెట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి లెక్కపెట్టలేదు. అప్పుడు బావ గొంతు సవరించుకుని, బళ్ళో పిల్లాడిలా బుద్ధిగా చెప్పాడు.

"శానా ఉన్నాయండీ."

మేడం ఆయన్ని చూశారు. బురదలో మునిగిన నన్ను చూశారు. కాపలా మావని చూశారు. ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను. "సరే, శానా అనే రాద్దాం" అన్నారు. ఖాళీ గోతులు తవ్వి గుడ్డు పెంకులు ఏరి లెక్క కడితే సరిపోతుందని తర్వాత కాపలా మావ చెప్పాడు. ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం కూర్చుని పెంకులే ఏరాం. బావ పొలం పనులు మానుకుని మరీ ఏరాడు. తర్వాత ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ ఆయన చెప్పింది కుక్కల సంగతి కాదు, కాకుల సంగతి కాదు. పాదం పైకెత్తి చూపించి, "ఇదిగో, ఇక్కడెక్కినాది" అనేవాడు.

అలా మూడు వేసవులు అక్కడ పనిచేశాను. ఇప్పుడు విజయనగరంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. పిల్లలు సముద్రపు తాబేళ్ళ పాఠం దగ్గర ఆవలిస్తే నాకు చిన్న కోపమూ పెద్ద జాలీ కలుగుతాయి. ఆ గాలివాన ఉదయాన్ని తలుచుకుంటే ఇప్పుడు నాకు తెలుసు, రాత్రంతా ఒంటిచేత్తో వల ఎత్తిపట్టుకున్న మనిషి లేకపోతే నేను వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటేనని. కానీ అప్పుడు నేనుగా ఉన్న ఆ కుర్రాడికి అది తెలియదు. అన్నీ సముద్రంలోకి వెళ్ళిపోయాక, బురద ఎండి అట్టకట్టిన చొక్కాతో ఒడ్డున నిలబడి, తన వంకాయరంగు సైకిల్ సీటు మీద చెయ్యి వేసి నిమురుతూ, ఈ భూమ్మీద తాబేళ్ళ జాతి నిలిచిందంటే అది తను ఏరి కొన్న ఈ సైకిల్ వల్లేనని వాడు మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఇక్కణ్ణుంచి కేకేసి చెప్పినా వినడు. నమ్మనీ పాపం, అంత పొద్దున్నే ఎందుకు కాదనడం.